బిల్లులో ఆ పేరు ఎవరిది?

నెలాఖరున వచ్చిన కార్డు స్టేట్‌మెంట్‌లో మందుల షాపు తెలుస్తుంది, పెట్రోలు బంకు తెలుస్తుంది, కరెంటు బిల్లు తెలుస్తుంది. వాటి మధ్య ఒక వరుస మాత్రం ఎంత చూసినా అంతుపట్టదు. ఏదో కంపెనీ పేరులా మొదలై సగంలో తెగిపోయిన మాట, దాని వెనక ఒక విదేశీ ఊరి పేరు, ఎదురుగా 470 రూపాయల 82 పైసలు. ఇంట్లో అందరినీ అడిగినా 470.82 పెట్టి కొన్న వస్తువేదీ లేదు. పైగా ఓటీపీ రాలేదు. ఓటీపీ లేకుండా డబ్బు కట్టయిందంటే దొంగలు పడ్డట్టే కదా అన్న అనుమానం వెంటనే పుడుతుంది.

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌లో సాక్చికి దగ్గరలోని భాలుబాసా లాంటి పేటల్లో ఈ చిక్కు ఇంకాస్త గట్టిగా పడుతుంది. ఉక్కు కంపెనీలో, రైల్వేలో పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి తరాలుగా ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో చాలా ఉన్నాయి. వాటిలో ఒక ఇంటిని ఊహించుకోండి. రిటైరైన తండ్రి పేరు మీద కార్డు ఉంటుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే కూతురు అదే కార్డుతో నాన్నకి తెలుగు సినిమాల యాప్ పెట్టి ఇస్తుంది. సెలవులకి వచ్చిన మనవడు తాతయ్య ఫోన్లో ఆట ఆడతాడు. కార్డు ఒకటే, దాన్ని వాడే చేతులు వేర్వేరు ఊళ్లలో ఉన్నాయి. స్టేట్‌మెంట్ మాత్రం ఒక్కరికే వస్తుంది, అదీ ఇంగ్లీషులో.

ఇలాంటి వరుస కనబడితే కొందరు చిన్న మొత్తమే కదా అని వదిలేస్తారు. ఇంకొందరు కంగారుపడి, నెట్‌లో 'కస్టమర్ కేర్ నంబరు' అని వెతికి, మొదట కనిపించిన నంబరుకి ఫోన్ చేస్తారు. మొదటిది నెలనెలా కొంచెం కొంచెంగా నష్టపరుస్తుంది, రెండోది ఒక్క గంటలో ఖాతా ఖాళీ చేయగలదు. ఆ వరుస ఎలా తయారవుతుందో తెలిసినవారికి ఈ రెండూ అక్కర్లేదు. అది మనమే ఒప్పుకుని మరచిపోయిన చందానా, మనకి తెలియకుండా జరిగిన చోరీనా అన్నది స్టేట్‌మెంటు, ఫోను ముందు పెట్టుకుని చాలావరకు తేల్చుకోవచ్చు. తేల్చుకోవడం ఎందుకంత ముఖ్యమంటే, ఈ రెండింటికీ చట్టం చూపించే దారులు వేరు, గడువులు వేరు.

నలభై అక్షరాల తంతి

ముందు ఆ పేరు సంగతి. మనం యాప్‌లో డబ్బు కడితే, ఆ కబురు యాప్ కంపెనీ నుంచి చెల్లింపులు చూసే మధ్యవర్తి సంస్థకి, అక్కడి నుంచి వ్యాపారి బ్యాంకుకి, అక్కడి నుంచి వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్కుకి, చివరికి మనకి కార్డు ఇచ్చిన బ్యాంకుకి చేరుతుంది. ఇంత ప్రయాణం కొన్ని సెకన్లలో అయిపోతుంది. కార్డు కబుర్లు ఏ రూపంలో ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, దాని పేరు ఐఎస్ఓ 8583. మొదటిసారి 1987లో వచ్చింది. అందులో వ్యాపారి పేరు, ఊరు రాయడానికి కేటాయించిన గడిలో పట్టేవి మొత్తం 40 అక్షరాలు. వీసా అమరికలో పేరుకి 25, ఊరికి 13, దేశానికి 2.

మాటకింత అని డబ్బు కట్టి తంతి కొట్టిన తరం వారికి ఇది సులువుగా అర్థమవుతుంది. ఇచ్చిన చోటులో ఇమడాలంటే మాటలు కోసేయాలి, తీసుకునేవాడు ఊహించి చదువుకోవాలి. మన దేశంలో 2013 జూలైలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది గానీ, మన స్టేట్‌మెంట్‌లోని ప్రతి వరుసా ఇప్పటికీ ఒక తంతే. తేడా ఒక్కటి. తంతి పంపినవాడికి అది ఎవరు చదువుతారో తెలుసు. ఈ 40 అక్షరాలు రాసింది మన కోసం కాదు, బ్యాంకుల కంప్యూటర్ల కోసం. వ్యాపారి తన బ్యాంకు దగ్గర ఖాతా తెరిచిన రోజున ఏ పేరు నమోదు చేస్తే అదే ఏళ్ల తరబడి వస్తూ ఉంటుంది.

ఆ నమోదైన పేరు బోర్డు మీది పేరు కాకపోవచ్చు. పేటీఎం వెనకున్న కంపెనీ వన్97 కమ్యూనికేషన్స్. బుక్‌మైషో వెనక బిగ్‌ట్రీ ఎంటర్‌టైన్‌మెంట్ ఉంది. 2020లో మొదలైన మన తెలుగు ఓటీటీ 'ఆహా'ని నడిపే సంస్థ పేరు అర్హా మీడియా అండ్ బ్రాడ్‌కాస్టింగ్. రోజూ ఆహాలో సినిమా చూసే పెద్దాయనకి 'అర్హా మీడియా' అని ఎక్కడైనా కనబడితే అది తను చూసే యాప్ అని తట్టకపోవడంలో వింతేమీ లేదు.

మధ్యవర్తి సంస్థ ద్వారా వెళ్లిన చెల్లింపుల్లో ఇంకో మడత పడుతుంది. ముందు మధ్యవర్తి పేరు, ఒక నక్షత్రం గుర్తు, ఆ తర్వాత అసలు వ్యాపారి పేరు మిగిలిన చోటులో ఎంత పడితే అంత. గూగుల్ ప్లే ద్వారా కట్టినవి, పేపాల్ ద్వారా కట్టినవి చాలావరకు ఇలాగే వస్తాయి. ఊరి పేరు కూడా కంపెనీ నమోదైన చోటే తప్ప మనం కొన్న చోటు కాదు. భాలుబాసాలో కూర్చుని కట్టిన డబ్బుకి ముంబయి అనో, సింగపూర్ అనో, డబ్లిన్ అనో పడటం మామూలే.

కాబట్టి పేరు గుర్తుపట్టలేకపోవడం చదువు తక్కువై కాదు, వయసు మీదపడీ కాదు. దీన్ని గట్టిగా చెప్పాలి. ఎందుకంటే పెద్దవాళ్లు ఇక్కడే సిగ్గుపడి, పిల్లల్ని అడిగితే తిడతారేమో అని ఊరుకుంటారు. ఆ వరుసలో అన్నిటికన్నా తక్కువ నమ్మదగినది పేరే. దానికన్నా మంచి ఆనవాళ్లు ఆ పక్కనే ఉన్నాయి.

పైసల్లో దాగిన ఆనవాలు

మొదటి ఆనవాలు మొత్తం. మనల్ని తికమకపెట్టిన 470.82నే తీసుకోండి. దాన్ని 1.18తో భాగిస్తే సరిగ్గా 399 వస్తుంది. అంటే ఇది 399 రూపాయల నెలవారీ ప్లాన్, పైన 18 శాతం జీఎస్టీ. పన్ను కలపకుండా ధర చూపించి, చివరి తెరమీద కలిపే సేవల దగ్గర ఇలా జరుగుతుంది. ఇక కూతురికి ఫోన్ చేసి "470 రూపాయలు ఎక్కడ ఖర్చుపెట్టావు?" అని అడిగితే ఆమెకి ఏమీ గుర్తురాదు. "399 ప్లాన్ ఏదైనా తీసుకున్నావా అమ్మా?" అని అడిగితే చటుక్కున గుర్తొస్తుంది. జనం జ్ఞాపకంలో ఉండేది ప్రకటనలో చూసిన అంకె.

డాలర్లలో కట్టే చందా అయితే లెక్క ఇంకో మెలిక తిరుగుతుంది. 9.99 డాలర్ల చందా ఉందనుకోండి, ఆ రోజు డాలరు 85 రూపాయలనుకోండి. అసలు 849.15 రూపాయలు. విదేశీ కరెన్సీ మార్పిడికి బ్యాంకు 3.5 శాతం తీసుకుంటే 29.72. ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ 5.35. మొత్తం 884.22. డాలరు రేటు రోజూ మారుతుంది కాబట్టి వచ్చే నెల ఇదే చందా ఇంకో అంకెగా కనిపిస్తుంది. కొన్ని బ్యాంకులు రుసుమునీ పన్నునీ వేరే వరుసల్లో చూపిస్తాయి, అప్పుడు ఒక చందాకి మూడు తెలియని కోతలు పడ్డట్టు అనిపిస్తుంది.

రెండో ఆనవాలు తేదీ. ఇక్కడ స్టేట్‌మెంట్ రెండు తేదీల మధ్య నడుస్తుంది. బ్యాంకు 'సరే' అన్న రోజు ఒకటి, వ్యాపారికి డబ్బు లెక్క తేలిన రోజు ఇంకొకటి. రెండింటి మధ్య ఒకటి నుంచి మూడు రోజుల తేడా ఉండొచ్చు, అందుకే "ఆ రోజు నేను ఊళ్లోనే లేను" అన్న వాదన ఒక్కోసారి నిలవదు. పాత స్టేట్‌మెంట్లు తీసి చూడండి. ప్రతి నెలా అదే తేదీకి, అదే మొత్తం లేదా దానికి దగ్గరి మొత్తం పడుతుంటే అది చందా కావడానికే అవకాశం ఎక్కువ.

అప్పుడు మొదటిసారి పడిన తేదీ పట్టుకుని వెనక్కి వెళ్లాలి. ఉచితంగా వాడి చూడమనే గడువులు సాధారణంగా 7 రోజులు, 14 రోజులు, లేదా 30 రోజులు. మొదటి కోత జూన్ 12న పడితే, జూన్ 5, మే 29, మే 13 తేదీల్లో ఫోన్లో వచ్చిన మెసేజీలు, మెయిళ్లు వెతకండి. ఆ రోజుల్లో ఒకదాంట్లో ఒక ఓటీపీ, ఒక రూపాయో రెండు రూపాయలో పట్టుకుని తిరిగి ఇచ్చిన కబురు దొరికితే, చందా పుట్టిన రోజు దొరికినట్టే.

మూడో ఆనవాలు మనకి స్టేట్‌మెంట్‌లో కనిపించకపోయినా బ్యాంకు దగ్గర ఉంటుంది. ప్రతి వ్యాపారికీ ఏ రకం వ్యాపారమో చెప్పే నాలుగంకెల కోడు ఇస్తారు, దాన్ని ఎంసీసీ అంటారు. 5816 అంటే డిజిటల్ ఆటలు, 5817 అంటే యాప్‌లు, 5815 అంటే పుస్తకాలు, సినిమాలు, సంగీతం, 4899 అంటే కేబుల్, పే టీవీ, 5968 అంటే చందాల మీద నడిచే అమ్మకాలు. బ్యాంకుకి ఫోన్ చేసినప్పుడు "ఈ లావాదేవీ ఎంసీసీ కోడు ఎంత?" అని అడగవచ్చు. 5816 అని వస్తే ముందు మనవడిని కూర్చోబెట్టి మెల్లగా మాట్లాడాలి.

ఓటీపీ ఎందుకు రాలేదు?

అనుమానానికి అసలు కారణం పేరు కన్నా ఇదే. ఇంటర్నెట్‌లో కార్డు వాడితే ఓటీపీ రావాలని మన దేశంలో అందరికీ అలవాటైపోయింది. ఆ అలవాటు మంచిదే. కానీ చందాల దగ్గర ఓటీపీ ఒక్కసారే వస్తుంది, మొదటి రోజున.

ఆ రోజు ఏం జరుగుతుందో అడుగడుగునా చూద్దాం. "7 రోజులు ఉచితం" అన్న బొత్తాం నొక్కి కార్డు వివరాలు ఇస్తాం. ఓటీపీ కొడతాం. ఆ ఓటీపీ రెండు పనులు చేస్తుంది. కార్డు మనదేనని రుజువు చేస్తుంది. దాంతోపాటు, ఇకముందు ఫలానా కంపెనీ ఇంత మొత్తం వరకు, ఇన్నాళ్లకోసారి, ఫలానా తేదీ దాకా తీసుకోవచ్చు అని మన బ్యాంకు దగ్గర ఒక అనుమతిని రాయిస్తుంది. దీన్నే ఈ-మ్యాండేట్ అంటారు. రెండో పని జరుగుతోందని ఆ క్షణంలో మనకి స్ఫురించదు, ఎందుకంటే తెరమీద పెద్ద అక్షరాల్లో ఉన్నది 'ఉచితం' అన్న మాటే.

కంపెనీ దగ్గర మన కార్డు నంబరు ఉండదు. 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు కార్డు నంబర్లు దాచుకోకూడదని రిజర్వు బ్యాంకు ఆపేసింది. దాని బదులు వారి దగ్గర ఒక టోకెన్ ఉంటుంది. అది ఆ ఒక్క వ్యాపారి దగ్గరే పనికొచ్చే మారు నంబరు. నెల తిరగగానే కంపెనీ ఆ టోకెన్, మ్యాండేట్ నంబరు కలిపి బ్యాంకుకి పంపుతుంది. మొత్తం అనుమతి లోపల ఉంటే, గడువు దాటకపోతే, బ్యాంకు ఓటీపీ అడగకుండా చెల్లిస్తుంది. అంటే ఓటీపీ రాకపోవడం ఇక్కడ లోపం కాదు, ఆ ఏర్పాటే అది.

దీనికి నియమాలు పెట్టింది రిజర్వు బ్యాంకు 2019 ఆగస్టు 21న ఇచ్చిన ఉత్తర్వు. మొదట 2,000 రూపాయల వరకే ఓటీపీ లేకుండా వెళ్లేది. తర్వాత 5,000 చేశారు. 2022 జూన్‌లో 15,000 చేశారు. 2023 డిసెంబరులో మ్యూచువల్ ఫండ్లు, బీమా ప్రీమియాలు, క్రెడిట్ కార్డు బిల్లులకి మాత్రం లక్ష రూపాయల దాకా పెంచారు. 2021 అక్టోబరు 1 నుంచి ఈ పద్ధతిలో లేని ఆటో చెల్లింపుల్ని, విదేశీ కంపెనీలవైనా సరే, నడవనివ్వకూడదన్నారు. అప్పట్లో రాత్రికి రాత్రే చాలామంది చందాలు ఆగిపోవడానికి కారణం అదే. యూపీఐలో ఇదే పని చేసే ఆటోపే 2020 జూలైలో వచ్చింది. అది బ్యాంకు ఖాతా నుంచి తీసుకుంటే కార్డు స్టేట్‌మెంట్‌లో కనబడదు, పాసుబుక్కులో వెతకాలి.

■ ఒక రోజు ముందు వచ్చే కబురు

ప్రతి ఆటో కోతకి కనీసం 24 గంటల ముందు బ్యాంకు మనకి తెలియజేయాలి. ఆ కబురులో కంపెనీ పేరు, మొత్తం, ఏ రోజు ఏ వేళకి తీసుకుంటారు, మ్యాండేట్ నంబరు, ఎందుకు తీసుకుంటున్నారు అన్నవి ఉండాలి. అక్కడే ఆ కోతని గానీ, మొత్తం మ్యాండేట్‌ని గానీ వద్దనే వీలు ఉండాలి. డబ్బు వెళ్లాక మళ్లీ ఒక కబురు రావాలి. ఈ సదుపాయానికి కార్డుదారు దగ్గర రుసుము వసూలు చేయకూడదు. ఫాస్టాగ్ దానంతటదే నిండే చెల్లింపులకి మాత్రం 2024లో ఈ ముందస్తు కబురు నుంచి మినహాయింపు ఇచ్చారు.

నా దృష్టిలో మన చెల్లింపుల నియమాల్లో సామాన్యుడికి అన్నిటికన్నా మేలు చేసేది ఈ 24 గంటల కబురే. కానీ అది పనిచేయాలంటే సరైన మనిషి చేతికి చేరాలి. చాలా ఇళ్లలో ఇక్కడే తెగిపోతుంది. తండ్రి కార్డుకి ఎప్పుడో ఆపేసిన పాత సిమ్ నంబరు ఉంటుంది. లేదా కొడుకు నంబరు ఇచ్చి ఉంటారు, అతను నాన్న కార్డు మెసేజీలు చూడడు. మెయిలుకి వస్తే ఆ మెయిలు ఐడీ ఎవరికీ గుర్తుండదు. మెసేజీ వచ్చినా అది ఇంగ్లీషులో, ప్రకటనల గుంపులో కలిసి ఉంటుంది. 2025 నుంచి మెసేజీ పంపినవారి పేరు చివర ఒక అక్షరం చేరుస్తున్నారు: 'పీ' అంటే ప్రకటన, 'ఎస్' అంటే సేవ, 'టీ' అంటే లావాదేవీ, 'జీ' అంటే ప్రభుత్వం. ఇంగ్లీషు చదవడం రానివారు కూడా ఎస్, టీ అక్షరాలు చూసి ఆ మెసేజీ మాత్రం ఎవరికైనా చూపించగలరు. బ్యాంకులు ఈ ఒక్క మెసేజీనైనా ఖాతాదారు కోరిన భాషలో పంపాలి. తెలుగువాడికి జార్ఖండ్‌లోనైనా తెలుగులో పంపడానికి అడ్డేమిటో నాకు కనబడటం లేదు.

తేల్చి చెప్పే జాబితా

ఇప్పుడు అసలు పరీక్ష. మనమిచ్చిన మ్యాండేట్లన్నీ ఒక జాబితాగా మన బ్యాంకు దగ్గర ఉంటాయి. బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగం తెరిచి 'ఈ-మ్యాండేట్' లేదా 'స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్' అని ఉన్నచోట చూడండి. చాలా బ్యాంకుల కార్డులకి బిల్‌డెస్క్ నడిపే 'ఎస్ఐ హబ్' అనే సైటులో ఈ జాబితా కనబడుతుంది. యూపీఐ చందాలైతే ఏ యాప్‌తో అనుమతించామో ఆ యాప్‌లోని 'ఆటోపే' విభాగంలో ఉంటాయి. గూగుల్ ప్లేలో చెల్లింపులు, చందాల పేజీ వేరే ఉంది, అక్కడ ఆటలో కొన్న నాణేల దాకా అన్నీ తేదీలతో ఉంటాయి. ఆ ఇంట్లో ఎన్ని గూగుల్ ఖాతాలుంటే అన్నీ చూడాలి.

స్టేట్‌మెంట్‌లోని మొత్తం ఆ జాబితాలో దొరికితే అది చందా. ఎవరో ఒకరు ఓటీపీ కొట్టారు. ఇష్టంలేకపోతే రద్దు చేసుకోవాలి, కానీ అది చోరీ కాదు.

జాబితాలో లేకుండా, ముందురోజు కబురు లేకుండా, విదేశీ ఊరి పేరుతో పడిందా? అప్పుడు అనుమానం బలపడాలి. మనదేశపు వ్యాపారి దగ్గర ఇంటర్నెట్‌లో చేసే ఒక్కసారి కొనుగోలుకి ఓటీపీ లాంటి అదనపు రుజువు తప్పనిసరి. విదేశీ వ్యాపారి దగ్గర ఒక్కసారి కొనుగోలుకి ఆ నిర్బంధం ఏళ్లపాటు లేదు, నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు ఉంటే చాలు. దొంగలు వాడుకునే సందు అదే.

మరపు మీద నడిచే వ్యాపారం

చందాల వెనక ఒక మనస్తత్వ శాస్త్రం ఉంది. దాన్ని తెలుసుకుంటే మన ఇంటివాళ్ల మీద కోపం తగ్గుతుంది. అమెరికాలో పనిచేసే ఆర్థికవేత్తలు స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రిక్ మాల్మెండియర్ 2006లో వ్యాయామశాలల సభ్యుల లెక్కలు ప్రచురించారు. నెలవారీ చందా కట్టినవారు వెళ్లిన రోజులతో లెక్కేస్తే ఒక్కో రాకకి 17 డాలర్ల పైనే కట్టినట్టు తేలింది. పదిసార్లకి కలిపి పాసు కొంటే అదే వ్యాయామశాలలో ఒక్కో రాకకి 10 డాలర్లే పడేది. చేరేటప్పుడు రోజూ వెళ్తాం అనుకుంటాం, వెళ్లడం మానేశాక రేపు రద్దు చేద్దాం అనుకుంటాం.

ఇంకా సూటిగా మన విషయాన్నే పట్టుకున్న పరిశోధన 2023లో వచ్చింది. లిరాన్ ఐనావ్, బెంజమిన్ క్లోపాక్, నీల్ మహోనీ పది ప్రసిద్ధ చందా సేవలు తీసుకుని, కార్డు మారినప్పుడు ఏం జరుగుతుందో చూశారు. కొత్త కార్డు వచ్చాక చందా నడవాలంటే మనిషి మళ్లీ వివరాలు ఇవ్వాలి, అంటే ఒక్క నిమిషం ఆలోచించాలి. సరిగ్గా ఆ నెలలో రద్దులు ఒక్కసారిగా పెరిగాయి. అంటే అంతకు ముందు నెలల్లో వారు కడుతున్నది కావాలని కాదు, పట్టించుకోక. ఈ మరపు వల్ల కంపెనీల రాబడి సేవని బట్టి 14 శాతం నుంచి 200 శాతానికి పైగా పెరిగిందని వారి అంచనా. మీ ఇంట్లో ఒకరు మరచిపోవడం వారి ఒక్కరి అజాగ్రత్త కాదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

మరపు చాలదనుకుని దారికి అడ్డంగా ముళ్లు వేసేవారూ ఉన్నారు. అమెరికా వ్యాపార నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ 2023లో అమెజాన్ మీద వేసిన దావాలో ప్రైమ్ సభ్యత్వం రద్దు చేయడానికి నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు, పదిహేను ఐచ్ఛికాలు దాటాల్సి వచ్చేదని ఆరోపించింది. ఆ దారికి కంపెనీ లోపల పెట్టుకున్న పేరు 'ఇలియడ్', అంటే హోమర్ రాసిన ఆ సుదీర్ఘ యుద్ధ కావ్యం పేరు. 2025 సెప్టెంబరులో ఆ దావా 250 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగిసింది. అందులో 150 కోట్లు సుమారు మూడున్నర కోట్ల మంది వినియోగదారులకి తిరిగి ఇవ్వడానికి.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటి 13 రకాల మాయల్ని నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో ఒకటి చందా ఉచ్చు. రద్దు చేసే దారి దాచడం, దాన్ని అసాధ్యంగానో చిక్కుగానో చేయడం మాత్రమే కాదు, ఉచిత చందా కోసం కార్డు వివరాలో ఆటో కోత అనుమతో బలవంతంగా అడగడం కూడా అందులో చేర్చారు. ఈ చివరి మాట చాలామందికి తెలియదు. "ఉచితం అన్నారు, కార్డు అడిగారు" అన్నదే ఫిర్యాదుకి సరిపోయే విషయం.

యాప్ తీసేస్తే చందా పోదు, ఇది మాత్రం అందరికీ చెప్పండి. ఫోన్లోంచి యాప్ పోతుంది, బ్యాంకులో మ్యాండేట్ అలాగే ఉంటుంది. ముందు కంపెనీ దగ్గర సభ్యత్వం రద్దు చేసి ఆ తెరని ఫోటో తీసుకోండి. తర్వాత బ్యాంకు దగ్గర మ్యాండేట్ రద్దు చేయండి. ఒకటి చేసి రెండోది వదలొద్దు.

నిజంగా దొంగదైతే

దొంగలు పెద్ద మొత్తంతో మొదలుపెట్టాలని లేదు. కార్డు నంబర్లలో మొదటి ఆరు లేదా ఎనిమిది అంకెలు బ్యాంకుని సూచిస్తాయి, చివరి అంకె మిగిలినవాటిని బట్టి లెక్కకట్టి పెట్టే సరిచూపు అంకె. కాబట్టి కంప్యూటర్‌తో వేల నంబర్లు కల్పించి, ఏది బతికుందో తెలుసుకోవడానికి ఒకటి రెండు డాలర్ల చిన్న కోతలు వేసి చూస్తారు. ఆ చిన్న కోత దాటిపోతే నంబరు పనిచేస్తోందని తెలిసిపోతుంది. అందుకే జాబితాలో లేని విదేశీ కోత ఎంత చిన్నదైనా వదలకూడదు.

మొదట బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆపేయండి, కార్డు బ్లాక్ చేయండి. రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వు వల్ల ఈ స్విచ్ ప్రతి కార్డుదారుకీ ఉండాలి. విదేశీ చందాలు లేనివారు దాన్ని ఎప్పుడూ ఆపే ఉంచుకోవడం మంచిది. తర్వాత బ్యాంకుకి ఫోన్ చేయండి. కార్డు వెనకున్న నంబరుకే చేయండి.

జార్ఖండ్‌లో ఉన్నవాళ్లకి దీని కారణం వేరే చెప్పక్కర్లేదు. ఇదే రాష్ట్రంలోని జామ్‌తాడా జిల్లా పేరు ఫోన్ మోసాలకి మారుపేరై, 2020లో నెట్‌ఫ్లిక్స్ ధారావాహిక దాకా వెళ్లింది. ఇప్పుడు ఆ విద్య ఒక్క జిల్లాకి పరిమితం కాలేదు. నెట్‌లో నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు పెట్టి, తెలియని కోత చూసి కంగారుపడ్డ మనిషి తానే ఫోన్ చేసేదాకా కాచుకుంటారు. "రీఫండ్ ఇస్తాం, ఈ యాప్ వేసుకోండి, ఓటీపీ చెప్పండి" అంటారు. డబ్బు మన దగ్గరికి రావడానికి ఓటీపీ, పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. మోసం జరిగిపోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

■ మూడు రోజుల లెక్క

2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, తప్పు మనదీ బ్యాంకుదీ కాకుండా మూడో చోట జరిగిన అనధికార కోతని, కబురు అందాక 3 పనిదినాల్లోపు చెబితే మన మీద భారం సున్నా. 4 నుంచి 7 పనిదినాల్లో చెబితే భారానికి గరిష్ఠ పరిమితి ఉంటుంది: మామూలు పొదుపు ఖాతాలకి, 5 లక్షల పరిమితి వరకున్న క్రెడిట్ కార్డులకి 10,000 రూపాయలు, కనీస సేవల ఖాతాలకి 5,000, అంతకన్నా పెద్ద కార్డులకి 25,000. ఏడు దాటితే బ్యాంకు విధానాన్ని బట్టి. కబురు అందిన రోజు లెక్కలోకి రాదు, మన శాఖకి సెలవైన రోజులూ రావు. చెప్పిన 10 పనిదినాల్లో ఆ మొత్తం తాత్కాలికంగా ఖాతాలో వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. మన తప్పని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుదే. ఓటీపీ మనమే చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టం మనదే.

ఏ మాట చెప్పాలి

బ్యాంకుతో మాట్లాడేటప్పుడు వాడే మాట ముఖ్యం. మ్యాండేట్ జాబితాలో ఉన్న చందా గురించి "ఇది ఫ్రాడ్" అని చెబితే, బ్యాంకు మొదటి రోజు ఓటీపీ రికార్డు తీసి చూపించి ఫిర్యాదు మూసేస్తుంది. అసలు న్యాయమైన వాదన కూడా దాంతో బలహీనపడుతుంది. రద్దు చేశాక కూడా కోత పడితే "రద్దు చేసిన చందాకి తీసుకున్నారు, రద్దు చేసిన తేదీ ఇది, ఫోటో ఇది" అని చెప్పండి. కార్డు నెట్‌వర్కుల్లో దీనికి వేరే తగాదా వర్గమే ఉంది, వీసా నిబంధనల్లో చాలా తగాదాలకి 120 రోజుల గడువు ఉంటుంది. ఎవరూ ఒప్పుకోని, జాబితాలో లేని కోత అయితే "నేను అనుమతించని లావాదేవీ" అని స్పష్టంగా చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోండి.

క్రెడిట్ కార్డు బిల్లు మీద అభ్యంతరం చెబితే 30 రోజుల్లోపు వివరణ, అవసరమైతే పత్రాలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ కార్డు నిబంధనల్లో ఉంది. ఫ్రాడ్ అని వివాదంలో పెట్టిన మొత్తం మీద అది తేలేదాకా ఛార్జీలు వేయకూడదని కూడా ఉంది. ఆ మొత్తం గురించి గొడవపడుతూ మిగతా బిల్లు కట్టకుండా మాత్రం ఆపొద్దు, దానికి వడ్డీ పడుతుంది.

చందా ఉచ్చు పన్నిన కంపెనీ మీద జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కి తెలుగులోనే చెప్పవచ్చు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. రిజర్వు బ్యాంకు నడిపే 14448 నంబరులో హిందీ, ఇంగ్లీషుతోపాటు తెలుగులోనూ సమాధానం చెబుతారు. భాలుబాసా నుంచి చేసినా, శ్రీకాకుళం నుంచి చేసినా నంబరు అదే. ఫిర్యాదుకి స్టేట్‌మెంట్ కాపీ, బ్యాంకు ఇచ్చిన ఫిర్యాదు నంబరు, దాని తేదీ, మీరు రద్దు చేసిన తెర ఫోటో జతచేయండి. దానికి ముందు ఒక పని ఇవాళే పెట్టుకోవచ్చు: ఇంట్లో పెద్దవాళ్ల కార్డుకి ఇప్పుడు ఏ ఫోన్ నంబరు ఉందో శాఖకి వెళ్లి కనుక్కుని, మార్చాల్సి ఉంటే మార్పించడం.